పాతబస్తీ అనే పేట ఎక్కడుంది?

"హైదరాబాదు నాకు క్షుణ్ణంగా తెలుసండీ, ఇరవయ్యేళ్ళ నుంచీ ఇక్కడే ఉంటున్నాను" అనే పెద్దమనుషులు నాకు నెలకొకరైనా తారసపడుతుంటారు. ఒకచోట ఇరవయ్యేళ్ళు ఉండడానికీ, ఆ చోటు తెలియడానికీ ఉన్న సంబంధమేమిటో నాకు బోధపడదు. ఆ మాటకొస్తే నూతిలోని కప్పకు నూతితో ఆజన్మ పరిచయం. ఇటువంటివారు ఎదురైనప్పుడు నేను మూడు ప్రశ్నలు వేస్తాను. బార్కస్‌కు ఆ పేరెలా వచ్చింది? ధూల్‌పేటలో ఎవరుంటారు, ఏం చేస్తారు? ఏసీ గార్డ్స్‌లోని 'ఏసీ' ఏమిటి? జవాబు తెలియకపోవడం నేరమేమీ కాదు. కాని జవాబుకు బదులుగా నాకు వినిపించేది దాదాపు ప్రతిసారీ ఒకే వాక్యం: "అదంతా పాతబస్తీ కదండీ, అటువైపు మనకేం పని?"

నా తగాదా ఈ వాక్యంతోనే.

ముందు భూగోళం సంగతి చూద్దాం. బార్కస్ చార్మినార్‌కు బాగా దక్షిణాన, చాంద్రాయణగుట్ట దగ్గర ఉన్నది. పాత నగర ప్రాకారం లోపల అది ఏనాడూ లేదు. నిజాం సైన్యంలో చేరడానికి యెమెన్‌లోని హద్రమౌత్ నుంచి వచ్చిన అరబ్బులు ఉన్న బ్యారక్స్ వారి నాలుక మీద బార్కస్ అయింది. వారి సంతతి నేటికీ అక్కడ ఉన్నది. ధూల్‌పేట మూసీకి ఉత్తరపు ఒడ్డున, బేగంబజారుకు ఆనుకొని ఉన్నది. ఉత్తరాది నుంచి వచ్చి స్థిరపడిన లోధ్ కుటుంబాలు అక్కడ వినాయక విగ్రహాలు పోస్తాయి, గాలిపటాలు కడతాయి. నగరంలో భాద్రపదమాసం సగం ధూల్‌పేట చేతుల్లోనే తయారవుతుంది. ఇక ఏసీ గార్డ్స్ లక్డీకాపూల్‌కు కూతవేటు దూరం. ఆ రెండక్షరాలు ఆఫ్రికన్ కావల్రీకి సంక్షేపం. వనపర్తి సంస్థానం నుంచి నిజాం కొలువుకు వచ్చిన ఆఫ్రికా సంతతి అశ్వికదళం పేరు అది. ఆ సిద్దీల వారసులు ఇప్పటికీ ఆ గల్లీల్లో ఉన్నారు.

ఈ మూడింటిలో ఒక్కటైనా ప్రాకారం లోపలిది కాదు. ఒకటి ఏకంగా సచివాలయం, శాసనసభ ఉన్న వైపుది. అయినా మన పెద్దమనిషి లెక్కలో మూడూ పాతబస్తీయే! తనకు తెలియని చోటెల్లా ఆయనకు పాతబస్తీ.

పోనీ, వయసును బట్టి 'పాత' అంటున్నారని సరిపెట్టుకుందామా? అదీ నిలవదు. చార్మినార్ కట్టినది 1591లో. గోలకొండ అంతకన్నా చాలా పాతది. హుస్సేన్ సాగర్ 1560లలో తవ్వినది. మూసీ మీది పురానాపుల్ 1578 నాటిది, అంటే వంతెన నగరం కన్నా 13 ఏళ్ళు పెద్ద. వయసే కొలమానమైతే ట్యాంక్‌బండ్ మీద సాయంకాలం షికారుకు వెళ్ళేవారంతా పాతబస్తీకి వెళ్ళి వస్తున్నట్టే. ఆ మాట వారితో అని చూడండి, నొచ్చుకుంటారు. ఎందుకు నొచ్చుకుంటారో ఆలోచిస్తే ఆ పదానికి అసలైన అర్థం దొరుకుతుంది. అది వయసును చెప్పే పదం కాదు. "అటు చూడనక్కరలేదు" అని మనకు మనం ఇచ్చుకొన్న అనుమతి.

*

సరే, వాదం కోసం ఆ మాటను చార్మినార్ చుట్టుపక్కలకే కుదిద్దాం. అక్కడైనా ఒక బస్తీ అంటూ ఉన్నదా?

చార్మినార్ నుంచి పడమరగా నడిస్తే లాడ్ బజార్. లక్కగాజుల మీద అద్దాలు, రాళ్ళు పొదిగే పని వెనక గల్లీల్లో జరుగుతుంది, వెలుగు ముందు దుకాణాల్లో కనిపిస్తుంది. అదే దారిలో ఇంకా పోతే గడియారపు గోపురమున్న మహబూబ్ చౌక్, పక్షుల అంగళ్ళు, చౌమహల్లా. ఉత్తరంగా వెళితే గుల్జార్ హౌజ్ దాటాక పత్తర్‌గట్టి. ఆ రాతి కమానుల వరుస నవాబుల విలాసం కాదు, 1912లో ఏర్పడిన నగరాభివృద్ధి సంస్థ చేసిన పట్టణ ప్రణాళిక. దక్షిణంగా వెళితే షాలిబండ. అక్కడినుంచి ఎడమకు తిరిగితే లాల్‌దర్వాజా, గౌలిపురా. అక్కడ దుకాణాల పలకల మీద తెలుగు ఉంటుంది, సింహవాహిని మహంకాళి గుడి ఉంటుంది. ఆషాఢంలో బోనాలు గోలకొండలో మొదలై, సికింద్రాబాదు ఉజ్జయినీ మహంకాళి మీదుగా వచ్చి లాల్‌దర్వాజాలో శిఖరానికి చేరుకుంటాయి. తూర్పున దబీర్‌పురా. మొహర్రం పదోనాడు బీబీ కా అలం అక్కడినుంచే బయలుదేరి చాదర్‌ఘాట్ దాకా సాగుతుంది. ఒకప్పుడు ఈ నగర ప్రాకారానికి 13 దర్వాజాలుండేవి. ఇప్పుడు మిగిలినవి దబీర్‌పురా, పురానాపుల్ దర్వాజాలు మాత్రమే.

గాజులు చేసేవారి పేట వేరు, అలం మోసేవారి పేట వేరు, బోనమెత్తేవారి పేట వేరు. భాష మారుతుంది, తిండి మారుతుంది, ఇంటి గుమ్మం తీరు మారుతుంది. ఇన్ని పేటలను ఒక్క మాటలో మూటగట్టి అటక మీద పడేయడానికి మనకు పనికివచ్చిన పదం పాతబస్తీ.

పత్రికలు చదివేవారు ఒక సంగతి గమనించే ఉంటారు. దొంగతనం బంజారాహిల్స్‌లో జరిగితే రోడ్డు నంబరుతో సహా వ్రాస్తారు. ఫలానా నంబరు రోడ్డులో, ఫలానా కూడలి వెనక అని. అదే దొంగతనం యాకుత్‌పురాలోనో ఉప్పుగూడలోనో జరిగితే శీర్షికలో "పాతబస్తీలో చోరీ" అని తేల్చేస్తారు. ఒక వైపు గల్లీకి చిరునామా ఉంటుంది, రెండో వైపు లక్షలమంది ఉండే పేటలన్నిటికీ కలిపి ఒకటే పేరు. ఇది స్థలాభావం వల్ల వచ్చిన పొదుపు అని నేను నమ్మను. తెలిసిన మనిషి చనిపోతే పేరు చెబుతాం, తెలియనివాడైతే "ఎవరో పోయారట" అంటాం. ఇక్కడ జరుగుతున్నదీ అదే.

బంజారాహిల్స్ మాట వచ్చింది గనుక మరొక్క ముక్క. ఆ కొండల మీద ఒకప్పుడు లంబాడీల తండాలుండేవి, అందుకే ఆ పేరు. పేరు మిగిలింది, తండా పోయింది. ఆ పేరును ప్రతిష్ఠగా పలికేవారిలో ఎందరికి అందులో ఒక జాతి పేరు వినిపిస్తుంది?

*

మన తెలుగు కథలూ సినిమాలూ ఈ విషయంలో పత్రికలకన్నా ఏమంత మెరుగు కాదు. సినిమాలో చార్మినార్ కనిపించిందంటే వెంటనే ఒక కత్తి, ఒక ఖవ్వాలీ, లేదా ఒక హాస్యపాత్ర మాట్లాడే దక్కనీ యాస రావలసిందే. అక్కడ బియ్యం వెచ్చాలు కొనుక్కొనేవాళ్ళూ, పరీక్షలకు చదువుకొనే ఆడపిల్లలూ, పింఛను కోసం తిరిగే ముసలివాళ్ళూ ఉండరు కాబోలు! నెల్లూరి కేశవస్వామి 'చార్మినార్' కథలు వ్రాసి ఆ వాడల మనుషులను మనుషులుగా తెలుగులోకి తెచ్చారు. ఆ బాటలో ఆ తర్వాత ఎంతమంది నడిచారని వెతికితే చేతివేళ్ళు మిగిలిపోతాయి. తెలుగు రచయితలు వందలమంది కాపురముంటున్న నగరం ఇది.

"ఆ పేటల్లో తెలుగువాళ్ళకు సంబంధించినది ఏముంది?" అని ఒక సాహిత్యసభలో ఒకాయన నన్ను సూటిగానే అడిగారు. ఆ సభ జరిగిన చోటికి మైలు దూరంలో సుల్తాన్‌బజారు ఉన్నది. శ్రీకృష్ణదేవరాయాంధ్ర భాషానిలయం 1901లో పుట్టినది ఆ ప్రాంతంలోనే. కొమర్రాజు లక్ష్మణరావు, రావిచెట్టు రంగారావు, నాయని వెంకట రంగారావు వంటి పెద్దలు దాని వెనక ఉన్నారు. నగరంలో ఇన్ని వాడలుండగా అక్కడే ఎందుకు పుట్టింది? కోఠీలోని బ్రిటిష్ రెసిడెన్సీ చుట్టూ ఉన్న ఆ బజార్లు నిజాం పాలనలో కాక రెసిడెంటు అధీనంలో ఉండేవి. సభలు పెట్టుకోవడానికీ, సంఘాలు కట్టుకోవడానికీ అక్కడ కాస్త గాలి ఆడేది. 1933లో ఆ బజార్లు మళ్ళీ నిజాంకు దఖలు పడ్డాయి. అంటే మన గ్రంథాలయోద్యమ చరిత్రలోని మొదటి పుట అర్థం కావాలంటే, ఒక పేట సరిహద్దు ఎక్కడుండేదో తెలియాలి. పేట తెలియనివాడికి పుస్తకం కూడా సగమే తెలుస్తుంది.

*

ఇక్కడ నామీద ఒక అభియోగం రావచ్చు. "మీరు నది అవతలివారి పక్షం వహించి ఇవతలివారిని నిందిస్తున్నారు" అని. అలా కాదు. తెలియనితనం రెండు ఒడ్డుల మీదా సమంగానే పండుతున్నది.

నేను ఈ నగరంలో నల్లకుంటలో, మల్కాజిగిరిలో, సనత్‌నగర్‌లో, మలక్‌పేటలో అద్దెకున్నాను. ప్రతి పేటకూ మిగిలిన నగరం మీద ఒక తిట్టు ఉన్నది. దక్షిణాన ఉన్నవారికి అమీర్‌పేట దాటితే అంతా "హైటెక్ సిటీ". కూకట్‌పల్లి పేరు చెబితే కొందరు పెదవి విరిచి "సెటిలర్ల అడ్డా" అంటారు. అక్కడి హౌసింగ్ బోర్డు కాలనీ ఇరుకు గదుల్లో నలుగురేసి చొప్పున ఉండి ఉద్యోగాలు వెతుక్కొన్న వేల పిల్లల సంగతి వారికి పట్టదు. సికింద్రాబాదు వారికి హైదరాబాదు ఒక పొరుగూరు. దానికి కారణం లేకపోలేదు. 1806లో సికందర్ జా పేరిట ఏర్పడిన ఆ దండుపట్నం 1960 దాకా వేరే పురపాలక సంఘంగానే ఉన్నది. లాలాగూడ రైల్వే కర్మాగారం, బొల్లారం, తిరుమలగిరి, మోండా మార్కెట్, ఇవన్నీ చార్మినార్‌ను చూసి పుట్టినవి కావు. రోనాల్డ్ రాస్ 1897లో దోమ కడుపులో మలేరియా క్రిమిని కనుగొన్నది బేగంపేటలో. ఆ భవనం ముందునుంచి రోజూ వెళ్ళేవారికి ఆ దోమ సంగతి తెలియదు, దోమకాటు మాత్రం తెలుసు.

ఇంకొక అబద్ధం కూడా మన మధ్య చలామణీలో ఉన్నది. 1998లో మాదాపూర్‌లో సైబర్ టవర్స్ లేవకముందు ఈ నగరం నవాబుల నిద్రలో ఉన్నదట. మరి ఆజామాబాద్ పారిశ్రామికవాడ ఎవరిది? సనత్‌నగర్‌లో ఆల్విన్, బాలానగర్‌లో ఐడీపీఎల్, కుషాయిగూడలో ఈసీఐఎల్ ఏ నిద్రలో నడిచాయి? ఐడీపీఎల్‌లో పనిచేసినవారే తర్వాత సొంతంగా మందుల కంపెనీలు పెట్టారు. వారిలో అంజిరెడ్డి పేరు అందరికీ తెలుసు. నేడు దేశదేశాలకు మందులు పంపుతున్న నగరం అని చెప్పుకొనే గొప్పకు వేరు బాలానగర్‌లో ఉన్నది. ఐడీపీఎల్ మూతపడింది. ఆ పేరుతో బస్సు స్టాపు మిగిలింది. అక్కడ దిగేవారిని అడగండి, ఆ అక్షరాలకు అర్థం చెప్పగలవారు ఎందరో చూడండి.

వీరందరికన్నా నాకు చికాకు కలిగించేవారు మరొకరున్నారు. వారు ప్రేమికులు. "ఆహా, ఆ తెహజీబ్! ఆ ఇరానీ చాయ్! ఆ హలీమ్!" అని రంజాను నెలలో నాలుగు రాత్రులు చార్మినార్ దగ్గర ఫోటోలు తీసుకొని వచ్చి, మిగిలిన పదకొండు నెలలూ అటు తొంగిచూడనివారు. ద్వేషించేవాడు ఆ పేటల వైపు చూడడు. ఈ ప్రేమికుడు చూస్తాడు గాని అక్కడున్నదాన్ని చూడడు. తన మనసులో ముందే గీసుకొన్న బొమ్మతో పోల్చి చూసుకొంటాడు. అతనికి లాడ్ బజార్‌లో గాజులు కావాలి, గాజులమీద రాళ్ళు పొదిగే పిల్లవాడి కళ్ళు అక్కరలేదు. దేవిడీల శిథిలాలు కావాలి, ఆ శిథిలంలో పది వాటాలుగా కాపురముంటున్న కుటుంబాలకు మంచినీళ్ళు ఎన్ని రోజులకొకసారి వస్తాయో అక్కరలేదు.

*

"అయితే ఏమిటండీ? పేటలు తెలియకపోతే కొంప మునిగిందా?" అనవచ్చు మీరు. మునిగింది. అక్షరాలా మునిగింది.

మన పెద్దలు పేటలకు పేర్లు ఊరికే పెట్టలేదు. నల్లకుంట, బతుకమ్మకుంట, లంగర్‌హౌజ్, మాసాబ్ ట్యాంక్, వీటన్నిటిలో నీళ్ళున్నాయి. కుతుబ్‌షాహీ రాజకుటుంబపు స్త్రీని 'మా సాహెబా' అని గౌరవంగా పిలిచిన పిలుపు మాసాబ్ అయింది. ఆమె పేరిట చెరువుండేది. ఇప్పుడు అక్కడ చెరువు లేదు, పేరులో మాత్రం ట్యాంకు ఉన్నది. అంబర్‌పేటలోని బతుకమ్మకుంట పేరుకే కుంటగా ఉండి, 2025లో తవ్వాక మళ్ళీ చెరువైంది. పేటపేరు ఒక హెచ్చరిక పలక. దాన్ని చదవగలిగినవాడు అక్కడ ఇల్లు కట్టేముందు వాన ఎటుపోతుందని అడుగుతాడు. చదవలేనివాడు చదరపు గజం ధర అడుగుతాడు. 2020 అక్టోబరులో వానలు కురిసినప్పుడు టోలిచౌకిలో షా హాతిం చెరువు పక్కనున్న నదీం కాలనీ రోజుల తరబడి నీళ్ళలో నిలిచింది. గుర్రం చెరువు తెగి హఫీజ్‌బాబానగర్ ఇళ్ళలోకి నీళ్ళు వచ్చాయి. దానికి శతాబ్దం ముందు, 1908 సెప్టెంబరు 28న మూసీ పొంగి సుమారు 15 వేలమందిని పొట్టన పెట్టుకొన్నది. ఆ తర్వాత ఉస్మాన్‌సాగర్ 1920లో, హిమాయత్‌సాగర్ 1927లో పూర్తయ్యాయి. అప్పటి పాలకులు కనీసం నీరు ఎక్కడినుంచి వస్తున్నదో, ఏయే మొహల్లాల మీదుగా పోతున్నదో కనుక్కొన్నారు.

రెండో ఉదాహరణ మెట్రో. జూబ్లీ బస్‌స్టేషన్ నుంచి ఫలక్‌నుమా దాకా వేయవలసిన మార్గం అది. 2020 ఫిబ్రవరిలో ప్రారంభమైనప్పుడు మహాత్మాగాంధీ బస్‌స్టేషన్ దగ్గర ఆగిపోయింది. ఆ బస్‌స్టేషన్ ఎక్కడున్నది? మూసీ పాయల నడుమ లంకలో. అంటే రైలు సరిగ్గా నది దాకా వచ్చి, అవతలి ఒడ్డు చూసి, వెనక్కు తిరిగింది. మిగిలిన దూరం 5.5 కిలోమీటర్లు. దానికి శంకుస్థాపన 2024 మార్చిలో జరిగింది. రోడ్డు వెడల్పు చాలదన్నారు, ప్రార్థనామందిరాలు అడ్డమన్నారు, రాజకీయ నాయకులు దారి మార్చమన్నారు. ఈ కారణాలు అబద్ధమని నేననను. కాని ఇరుకు దారీ, దుకాణదారుల నిరసనా, పాత కట్టడాలూ సుల్తాన్‌బజారులోనూ ఉన్నాయి. అక్కడ రైలు ఆగలేదు. నది దాటవలసి వచ్చేసరికి ఆగింది. ఆగితే మనలో ఎవరూ పెద్దగా అడగలేదు. "అటువైపు మనకేం పని" అనేవారి నగరంలో ఎవరడుగుతారు?

మూడోది ఇటీవలిది. 2024లో మూసీ ప్రక్షాళన కోసమని చాదర్‌ఘాట్ దగ్గర మూసానగర్, శంకర్‌నగర్ ఇళ్ళమీద ఎర్రరంగు గుర్తులు వేశారు, కొన్నిటిని ఖాళీ చేయించారు. నది బాగుపడాలనడంలో నాకు విప్రతిపత్తి లేదు. నది గర్భంలో ఇళ్ళు ప్రమాదమనడంలోనూ లేదు. నన్ను కలచివేసినది మధ్యతరగతి నడవాల్లో వినిపించిన తీర్పు: "రెండు పడకగదుల ఇల్లు ఇస్తున్నారు కదండీ, ఇంకేం కావాలి?" ఆ తీర్పు చెప్పినవారెవరూ మూసానగర్ మొహం చూడలేదు. అక్కడి మనిషికి ఇల్లంటే నాలుగు గోడలు మాత్రమే కాదు. కోఠీలో తోపుడుబండి, మలక్‌పేట గంజిలో హమాలీ పని, నడిచి వెళ్ళగలిగిన ఆసుపత్రి, అప్పు పెట్టే కిరాణాకొట్టు, ఇవన్నీ కలిపితే అతని ఇల్లు. పేట అంటే బతుకుతెరువు పటం. అది తెలియనివాడు ఇచ్చే ఇల్లు మంచిదే కావచ్చు, తప్పుచోట ఉంటుంది.

*

ఇంకా ఒక అభ్యంతరం మిగిలింది, దానికి బలం ఉన్నది కూడా. ఇంత మహానగరాన్ని ఎవరు పూర్తిగా తెలుసుకోగలరు? 1960లో సికింద్రాబాదును కలిపారు, 2007లో 12 పురపాలక సంఘాలనూ 8 పంచాయతీలనూ కలిపి మహానగర పాలక సంస్థ చేశారు. పొద్దున పోతే రాత్రి ఇల్లు చేరే ఉద్యోగికి పేటల పురాణం వినే తీరిక ఎక్కడిది?

పూర్తిగా తెలుసుకోమని నేను అడగడం లేదు. తెలియనిదానికి తెలిసినట్టు పేరు పెట్టవద్దని అడుగుతున్నాను. ఈ రెండింటికీ చాలా వ్యత్యాసముంది. "గౌలిపురా నాకు తెలియదు" అన్నవాడు ఏనాటికైనా గౌలిపురాకు వెళ్ళవచ్చు. "అదంతా పాతబస్తీ" అన్నవాడు ఇక వెళ్ళడు, ఎందుకంటే అతని మనసులో ఆ పని అయిపోయింది.

తీరిక మాటకు వస్తే, నగరాన్ని చూడకుండా దాటే సౌకర్యాలు మనం శ్రద్ధగా కట్టుకొన్నాం. మెహదీపట్నం నుంచి ఆరాంఘర్ దాకా 11.6 కిలోమీటర్ల వంతెన 2009లో తెరిచారు. విమానాశ్రయానికి పోయేవారికి అది వరమే, కాదనను. కాని దాని మీద పోయేవారికి అత్తాపూర్ అనేది ఊరు కాదు, పిల్లర్ నంబరు. ఇప్పుడు చిరునామాలు కూడా అలాగే చెబుతున్నారు: ఫలానా పిల్లర్ నంబరు ఎదురుగా అని. దారి చెప్పే ఫోను సంగతి సరేసరి. ఎక్కడ తిరగాలో చెబుతుంది, ఎక్కడున్నామో చెప్పదు. పూర్వం దారి తప్పినవాడు ఒక మనిషిని అడగవలసి వచ్చేది. ఆ మనిషి "ఎక్కడినుంచి వస్తున్నారు బాబూ" అని తిరిగి అడిగేవాడు. ఆ ఒక్క ప్రశ్నతో పేట మొదలయ్యేది.

అయినా దారులు మూసుకుపోలేదు. 2003 నుంచి నడుస్తున్న ఎంఎంటీఎస్ రైళ్ళలో ఫలక్‌నుమా నుంచి లింగంపల్లి పోయే బండి ఒకటి ఎక్కండి. ఉప్పుగూడ, యాకుత్‌పురా, దబీర్‌పురా, మలక్‌పేట, కాచిగూడ, సీతాఫల్‌మండీ, సికింద్రాబాదు, బేగంపేట, బోరబండ, హైటెక్ సిటీ, అన్నీ ఒకే పట్టా మీద వరసగా వస్తాయి. మెట్రో దాటలేకపోయిన నదిని ఈ బండి దశాబ్దాలుగా నిశ్శబ్దంగా దాటుతున్నది. పెట్టెలోకి ఎక్కేవారి బట్టలూ భాషా సంచులూ స్టేషను స్టేషనుకూ మారుతుంటే ఈ నగరం ఎన్ని ఊళ్ళో తెలుస్తుంది. 2023 డిసెంబరు నుంచి మన ఆర్టీసీ సాధారణ, ఎక్స్‌ప్రెస్ బస్సుల్లో ఆడవారికి టికెట్టు లేదు. ఉద్యోగానికీ ఆసుపత్రికీ పుట్టింటికీ ఉపయోగించుకొంటున్న ఆ సదుపాయాన్ని, పేరు మాత్రమే విన్న ఒక పేట చూడడానికి ఒక్కసారి ఉపయోగించుకొంటే తప్పేమీ లేదు. ఆదివారం ఆబిడ్స్ కాలిబాట మీద పాత పుస్తకాలు వెతికే అలవాటున్నవారు మనలో చాలామందే. గురువారం నాడు మరి కొంచెం దూరం నడిచి పురానాపుల్ దగ్గరి జుమ్మేరాత్ బజారు చూడండి. తెల్లవారుజామున గుడిమల్కాపూర్ పూలమండీ చూడండి. ఏ పేటనైనా అక్కడి స్మారకచిహ్నం దగ్గర కాక, అక్కడి పని మొదలయ్యే వేళ చూడాలి.

తెలుగులో వ్రాసేవారికి ప్రత్యేకించి ఒక మాట. కథలో "అతడు పాతబస్తీకి వెళ్ళాడు" అని వ్రాయబోయినప్పుడు కలం ఆపండి. ఏ పేటకు వెళ్ళాడు? ఏ బస్సు దిగాడు? ఆ గల్లీలో ఏ పని శబ్దం వినిపిస్తున్నది? ఈ మూడింటికీ జవాబు లేకపోతే మీ పాత్ర ఎక్కడికీ వెళ్ళలేదు, మీతోపాటు ఇంట్లోనే ఉన్నది. వెళ్ళి చూసి వచ్చి వ్రాయండి. అంత ఓపిక లేకపోతే మీరున్న పేట గురించే ఒక పుట వ్రాయండి. దాని పేరు ఎక్కడిదో, కింద ఏ కుంట ఉండేదో, మీకన్నా ముందు అక్కడ ఎవరున్నారో కనుక్కొని వ్రాయండి. అటువంటి పుటలు వంద పోగయితే, ఈ నగరానికి రియల్ ఎస్టేటు వారి రంగుల కాగితం కాక వేరే పటం ఒకటి ఏర్పడుతుంది.

బార్కస్‌ను బార్కస్ అందాం, దబీర్‌పురాను దబీర్‌పురా అందాం, బాలానగర్‌ను బాలానగర్ అందాం. ఏ పేటను ఆ పేరుతో పిలిస్తే, అక్కడ నీళ్ళు నిలిచిన రోజున, రైలు ఆగిపోయిన రోజున, ఇంటి గోడ మీద ఎర్రరంగు గీసిన రోజున, అది ఎవరికి జరిగిందో మనకు తెలుస్తుంది.